ఇంట్లో రోగి ఉన్నప్పుడు పెరటి బాతుల తొట్టిని శుభ్రంగా ఉంచుకోవడం ఎలా?

రోగిని ఇంటికి పంపించేటప్పుడు మేము మీకు చాలా విషయాలు చెబుతాము. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, కట్టు ఎప్పుడు మార్చాలి, ఏమి తినవచ్చు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అని కాగితం మీద రాసి ఇస్తాము. కానీ మీ పెరట్లో ఏముందో మేము అడగము, మీరూ చెప్పరు. గోదావరి, కృష్ణా డెల్టా పల్లెల నుండి, కొల్లేరు చుట్టుపక్కల నుండి వచ్చే కుటుంబాలలో చాలామందికి ఇంటి వెనుక నాలుగైదు బాతులు, వాటి కోసం ఒక సిమెంటు ఒర గానీ, తవ్విన గుంట గానీ ఉంటుంది. విరేచనాలతో చేరి, బాగై ఇంటికి వెళ్లిన బిడ్డ మూడు వారాలకే మళ్లీ అదే బాధతో వచ్చినప్పుడు, తాగే నీళ్ల గురించి అడుగుతూ అడుగుతూ చివరికి పెరటి దాకా వెళ్తాము. అప్పుడు ఈ తొట్టి సంగతి బయటపడుతుంది.

"అయితే బాతుల్ని అమ్మేయమంటారా సిస్టరుగారూ?" అని వెంటనే అడుగుతారు. అమ్మనవసరం లేదు. బాతు గుడ్డు బలమైన ఆహారం. గుడ్ల డబ్బులతో మందులు కొనుక్కునే కుటుంబాలు మాకు తెలుసు. బాతులు ఉండవచ్చు, నీళ్లూ ఉండవచ్చు. అయితే ఒక నియమం మాత్రం పెట్టుకోండి: మీరు స్వయంగా ఎత్తి పారబోయగలిగినన్ని నీళ్లే బాతులకు పెట్టండి. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

బాతుల నీళ్లు అంత త్వరగా ఎందుకు మురికవుతాయి?

కోడి నీళ్లు తాగి వెళ్లిపోతుంది. బాతు అలా కాదు. మేత నోట పెట్టుకుని నీళ్ల దగ్గరకు వస్తుంది, తడిపి మింగుతుంది. తవుడు, నూకలు కొంత నీళ్లలో పడతాయి. కాళ్లకు అంటిన బురద కూడా నీళ్లలోకే వస్తుంది. ఆ నీళ్లలోనే రెట్ట వేస్తుంది, అందులోనే ముక్కు ముంచుతుంది. మేత, రెట్ట, బురద, ఎండ ఈ నాలుగూ కలిస్తే నీళ్లు ఒకటి రెండు రోజుల్లోనే పచ్చబడతాయి. అడుగున నల్లటి మడ్డి చేరుతుంది. గోడలకు పాకుడు పడుతుంది.

పైన నీళ్లు తేటగా కనిపించినా అవి మంచివని అనుకోకండి. క్రిములు కంటికి కనిపించవు. అడుగున మడ్డి ఉన్నంతకాలం పైన కొత్త నీళ్లు ఎన్ని పోసినా లాభం లేదు. చాలామంది చేసే పని ఇదే. తొట్టి తగ్గినప్పుడల్లా రెండు బిందెలు పోస్తారు, పాత నీళ్లు మాత్రం తీయరు. దీనిని శుభ్రం చేయడం అనలేము.

ఆ నీళ్ల నుండి జబ్బు మనిషికి ఎలా వస్తుంది?

ఆరోగ్యంగా కనిపించే బాతు పేగులలో కూడా సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే క్రిములు ఉండవచ్చు. బాతుకు ఏ బాధా ఉండదు. రెట్టలో మాత్రం అవి బయటకు వస్తూ ఉంటాయి. మనిషి కడుపులోకి వెళితే జ్వరం, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు వస్తాయి. కొందరికి రక్తం కూడా పడుతుంది. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. టైఫాయిడ్ క్రిమి కూడా సాల్మొనెల్లా జాతికి చెందినదే, కానీ టైఫాయిడ్ బాతుల నుండి రాదు. అది మనిషి మలం నుండి మనిషికే వస్తుంది. బాతుల నుండి వచ్చేది వేరే రకం.

ఈ క్రిములు ఎగిరి రావు. వాటికి ఒక దారి కావాలి. సాధారణంగా ఆ దారులు ఇవి:

1. తొట్టి కడిగిన చేతులతో అన్నం తినడం, బిడ్డకు తినిపించడం, రోగికి మందు ఇవ్వడం.
2. పిల్లలు ఆ నీళ్లతో ఆడి, వేళ్లు నోట్లో పెట్టుకోవడం.
3. తొట్టి నీళ్లు బావిలోకి, చేతిపంపు చుట్టూ ఇంకిపోవడం. డెల్టా ఊళ్లలో భూగర్భజలం చాలా పైనే ఉంటుంది గనుక ఈ ప్రమాదం ఎక్కువ.
4. ఆ మురుగు నీటిని కొత్తిమీర, పుదీన వంటి పచ్చిగా తినే ఆకులకు పోయడం.
5. రెట్ట అంటిన గుడ్లను కడగకుండా వంటింట్లో పెట్టడం, సగం ఉడికించి తినడం.

ఇవి కాక మరో రెండు బాధలు ఉన్నాయి. మొదటిది దోమలు. డెంగ్యూ దోమ నిలువ ఉన్న మంచినీళ్లలో, బోదకాలు దోమ మురుగు నీళ్లలో గుడ్లు పెడతాయి. బాతులు దోమ పిల్లలను కొంతవరకు తింటాయి, నిజమే. కానీ మూలల్లోనూ, పాకుడు కిందా ఉన్నవి తప్పించుకుంటాయి. రెండవది ఎలుకలు. తొట్టి చుట్టూ చిందిన మేత కోసం రాత్రిపూట ఎలుకలు వస్తాయి. వాటి మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో పగిలిన కాళ్లతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. అది ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఆరోగ్యవంతుడు వీటిలో చాలావాటిని తట్టుకుంటాడు. నెలల బిడ్డ, ఆపరేషన్ అయి వచ్చినవారు, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు, షుగర్ రోగులు, వృద్ధులు తట్టుకోలేరు. వీరిలో క్రిమి పేగులు దాటి రక్తంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. మీ ఇంటికి తిరిగి వచ్చిన మనిషి ఈ జాబితాలో ఉంటే కింది జాగ్రత్తలు తప్పనిసరి.

బాతుకు నిజంగా ఎన్ని నీళ్లు కావాలి?

బాతు ఈదకపోతే గుడ్లు పెట్టదని మన వాళ్ల నమ్మకం. ఇది నిజం కాదు. ఈదడానికి నీళ్లు లేకపోయినా బాతులు గుడ్లు పెడతాయి. వాటికి తప్పనిసరిగా కావలసింది తల ముంచుకునేంత లోతు నీళ్లు. కళ్లు, ముక్కు రంధ్రాలు కడుక్కోకపోతే వాటికి పుసి పడుతుంది, ముక్కు మూసుకుపోతుంది. దానికి అయిదారు అంగుళాల లోతున్న పాత్ర చాలు. స్నానానికి ఒక చిన్న తొట్టి ఉంటే ఈకలు శుభ్రంగా ఉంటాయి, ఎండాకాలం వేడికి ఉపశమనం కలుగుతుంది.

లెక్క చూడండి. మూడడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న సిమెంటు ఒరలో తొమ్మిది అంగుళాల వరకు నింపితే దాదాపు 150 లీటర్లు పడతాయి. అంటే 15 లీటర్ల బకెట్లు పది. నాలుగైదు బాతులకు ఇది సరిపోతుంది. ఇద్దరు మనుషులు పావుగంటలో ఖాళీ చేసి కడగగలరు. ఇంతకు మించిన గుంట తవ్వితే దానిని ఎవరూ ఖాళీ చేయరు. చేయలేని పని రెండు వారాలకే మానేస్తాము.

తొట్టి ఎక్కడ పెట్టాలి?

బావికి, చేతిపంపుకు కనీసం 50 అడుగుల దూరంలో, వాటికంటే పల్లంలో పెట్టండి. వంటింటి గుమ్మానికి, రోగి పడుకునే గది కిటికీకి ఎదురుగా వద్దు. కొంచెం నీడ ఉన్న చోటైతే నాచు త్వరగా పట్టదు.

ఒర కొత్తగా వేయించుకునేవారు అడుగు భాగాన్ని ఒక పక్కకు వాలుగా చేయించి, ఆ చివర రెండంగుళాల పైపు, దానికి బిరడా పెట్టించండి. బిరడా తీస్తే నీళ్లూ మడ్డీ కలిసి బయటకు పోతాయి. ఆ నీళ్లు కొబ్బరి, అరటి మొక్కల పాదుల్లోకి వెళ్లేటట్లు చిన్న కాలువ తీయండి. అవి మొక్కలకు మంచి ఎరువు. ఆకుకూరల మడికి మాత్రం వద్దు. వీధి కాలువలోకి, పొరుగువారి గుమ్మం ముందుకు వదలకండి.

తొట్టి చుట్టూ రెండడుగుల మేర ఇటుక ముక్కలు, కంకర పరవండి. బాతుల కాళ్ల బురద అక్కడే రాలిపోతుంది. మేత గిన్నెను స్నానపు తొట్టికి పది అడుగుల దూరంలో పెట్టండి. మేత పక్కన తాగే నీళ్లు వేరుగా ఒక లోతైన పాత్రలో ఉంచండి. నీళ్లు లేకుండా మేత మాత్రమే పెడితే బాతు గొంతులో అడ్డం పడుతుంది. ఈ రెండు చిన్న మార్పులతోనే తొట్టిలో మురికి బాగా తగ్గుతుంది.

బూజు పట్టిన తవుడు, మొక్కజొన్న, వేరుశనగ చెక్క వేయకండి. ఆ బూజులోని విషానికి బాతు చాలా త్వరగా చనిపోతుంది.

ఎప్పుడు ఏమి చేయాలి?

ప్రతిరోజూ: తాగే నీళ్ల పాత్ర పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోయండి. తొట్టి పైన తేలే ఈకలు, ఆకులు, మేత జల్లెడతో తీసివేయండి. చుట్టూ చిందిన మేత సాయంత్రం ఊడ్చేయండి. మేత బస్తాను మూత ఉన్న డబ్బాలో పెట్టండి. అప్పుడు ఎలుకలు రావు.

రోజు విడిచి రోజు: తొట్టి పూర్తిగా ఖాళీ చేయండి. అడుగున మడ్డి మిగలకుండా చూడండి. కొబ్బరి పీచుతో గానీ, బ్రష్షుతో గానీ గోడలు, అడుగు బాగా తోమి మంచినీళ్లతో కడగండి. ఎండాకాలంలో రోజూ చేస్తే ఇంకా మంచిది.

వారానికి ఒకసారి: ఖాళీ చేసి, తోమి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, కొన్ని గంటలు ఎండలో ఆరనివ్వండి. ఆరోగ్య సిబ్బంది "శుక్రవారం డ్రై డే" అని చెబుతారు కదా, ఆ రోజునే పెట్టుకోండి. డెంగ్యూ దోమ గుడ్డు దోమగా మారడానికి వారం నుండి పది రోజులు పడుతుంది. వారం లోపలే నీళ్లు పోతే దోమ పుట్టదు. అయితే ఆ దోమ గుడ్లను నీటి మట్టం దగ్గర గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి పొడిగా బతికి ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అందుకే ఖాళీ చేయడంతో ఆగకుండా గోడలు తోమాలి.

బ్లీచింగ్ పౌడరు ఎలా వాడాలి?

బ్లీచింగ్ పౌడరును మురికి నీళ్లలో చల్లితే పని చేయదు. దాని బలమంతా మడ్డితోనే ఖర్చయిపోతుంది, క్రిములు మిగిలిపోతాయి. పైగా బాతుల కళ్లకు, ముక్కుకు మంట. అందువలన ముందు ఖాళీ చేయడం, తర్వాత తోమడం, ఆ తర్వాతే బ్లీచింగ్ అనే వరుస మార్చకండి.

పది లీటర్ల బకెట్ నీళ్లలో 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలపండి. కాసేపు ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పై తేటను ఖాళీ తొట్టి గోడలకు, అడుగుకు పట్టించి 15 నిమిషాలు వదలండి. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, వాసన పోయేదాకా ఆరబెట్టండి. ఆ సమయంలో బాతులను దొడ్లో కట్టడి చేయండి. ఈ కడిగిన నీళ్లను మొక్కల పాదుల్లోకి, చేపల చెరువులోకి వదలవద్దు.

చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి, లేకపోతే ప్లాస్టిక్ సంచులు కట్టుకోండి. బ్లీచింగును ఫినాయిలుతో గానీ, మరుగుదొడ్డి కడిగే యాసిడుతో గానీ కలపవద్దు. విషవాయువు వస్తుంది. పౌడరును మూత బిగించిన డబ్బాలో, చెమ్మ తగలకుండా, పిల్లలకు అందకుండా ఉంచండి. తెరిచి ఉంచిన పౌడరు బలం పోగొట్టుకుంటుంది.

దోమల కోసం కొందరు కిరోసిన్, పాత ఇంజన్ ఆయిల్ పోస్తారు. నాచు కోసం మైలతుత్తం వేస్తారు. బాతులు ఉన్న నీళ్లలో ఇవి రెండూ వద్దు. నూనె అంటితే ఈకలు తడిసిపోయి బాతు చలికి చనిపోతుంది. మైలతుత్తం బాతులకు, చేపలకు విషం.

ఇప్పటికే పెద్ద కుంట ఉంటే?

ఖాళీ చేయలేని కుంట ఉన్నవారు బాతుల సంఖ్య తగ్గించండి. గుర్రపు డెక్క, నాచు, కుళ్లిన ఆకులు ఎప్పటికప్పుడు తీసివేయండి. ఏడాదికి ఒకసారి వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు అడుగు మడ్డి ఎత్తించి, కుంటను ఎండనివ్వండి. ఆ నీళ్లతో గిన్నెలు తోమవద్దు, రోగి బట్టలు ఉతకవద్దు, పిల్లలకు స్నానం చేయించవద్దు. చచ్చిన ఎలుక, చేప, పక్షి ఏది తేలినా వెంటనే కర్రతో తీసి లోతుగా పాతిపెట్టండి. వేసవిలో కుళ్లు ఎక్కువైన నిలువ నీళ్లలో బొట్యులిజం అనే విషం తయారవుతుంది. అది సోకిన బాతుకు కాళ్లు పడిపోతాయి, మెడ వాలిపోతుంది. అటువంటి బాతును కోసుకు తినకండి.

రోగిని చూసుకునేవారు పాటించవలసిన వరుస

ఆసుపత్రిలో మేము ఎప్పుడూ శుభ్రమైన పని ముందు, మురికి పని తర్వాత చేస్తాము. ఇంట్లో కూడా మీకు ఇదే వరుస. పని చేసేది మీరొక్కరే అయితే పొద్దున్నే రోగికి మొహం కడగడం, కట్టు మార్చడం, ఇన్సులిన్ ఇవ్వడం, తినిపించడం ముగించండి. ఆ తర్వాతే బాతుల తొట్టి దగ్గరకు వెళ్లండి. తిరిగి వచ్చాక చీర లేదా లుంగీ మార్చుకుని, మోచేతుల వరకు సబ్బుతో కడుక్కోండి. కనీసం 20 సెకన్లు రుద్దాలి. గోళ్ల సందులు మరచిపోవద్దు. తొట్టి పనికి వేసుకునే చెప్పులు ఇంట్లోకి తేవద్దు.

ఇంట్లో మరొకరు ఉంటే ఇంకా సులువు. రోగిని చూసేవారు ఒకరు, బాతులను చూసేవారు మరొకరు కావచ్చు. పనులను అలా పంచుకోండి.

రోగి స్వయంగా తొట్టి కడగవద్దు. "ఊరికే కూర్చోలేకపోతున్నాను" అని మామ్మగారో, తాతగారో లేచి వెళ్తారు. కుట్లు ఆరేదాకా, మందుల కోర్సు అయ్యేదాకా ఆ పని వారికి ఇవ్వకండి. షుగర్ ఉన్నవారు ఎప్పుడూ ఆ బురదలో చెప్పులు లేకుండా నడవకూడదు. కాలికి స్పర్శ తగ్గి ఉంటుంది గనుక గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు ఎవరైనా చూసి పెట్టండి.

మరో మాట. పాత కట్లు, దూది, వాడిన ప్యాడ్లు, ఇన్సులిన్ సూదులు పెరట్లోకి విసరకండి. బాతులు దేనినైనా పొడుస్తాయి, లాక్కువెళ్లి నీళ్లలో వేస్తాయి. సూది మడ్డిలో ఉంటే, రేపు తొట్టి కడిగే చేతికి గుచ్చుకునేది అదే. సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టి, ఈసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకురండి.

గుడ్ల విషయంలో

బాతులు ఎక్కువగా తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. ఉదయం 9 గంటల వరకు వాటిని దొడ్లోనే, పొడి ఊక లేదా గడ్డి పరిచిన చోట ఉంచండి. అప్పుడు గుడ్లు బురదలోనూ, నీళ్లలోనూ పడవు. తొట్టిలో దొరికిన గుడ్డును, పెంకు చిట్లిన గుడ్డును పారవేయండి. గుడ్డు పెంకుకు కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు ఉంటాయి. మురికి నీళ్లు అందులోంచి లోపలికి పోతాయి.

నీరసంగా ఉన్న రోగికి, బాలింతకు పచ్చి గుడ్డు పాలలో కలిపి ఇస్తే బలం వస్తుందని పెద్దలు అంటారు. దయచేసి ఇవ్వకండి. ఉడికిన గుడ్డులో బలం ఏమీ తగ్గదు, పైగా బాగా జీర్ణమవుతుంది. నీళ్లు మరగడం మొదలైన తర్వాత బాతు గుడ్డును కనీసం పది నిమిషాలు ఉడికించండి. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి. అట్టు వేసినా రెండు వైపులా కాల్చండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం

జబ్బుల గురించి ఇంత చెప్పాము గానీ, చిన్నపిల్లలున్న ఇంట్లో బాతుల తొట్టి వలన వచ్చే అతి పెద్ద ప్రమాదం క్రిమి కాదు, నీళ్లే. నడక నేర్చుకుంటున్న బిడ్డ కొద్ది అంగుళాల నీళ్లలో కూడా మునిగిపోవచ్చు. ఆ వయసులో తల బరువు ఎక్కువ. వంగి బాతును చూడబోతే ముందుకు పడతారు, తిరిగి లేవలేరు. అరుపు వినిపించదు. పెద్దవారంతా మంచంలో ఉన్న రోగి చుట్టూ ఉన్నప్పుడు, చూడవచ్చిన బంధువులతో ఇల్లు నిండి ఉన్నప్పుడు, బిడ్డ పెరట్లోకి వెళ్లిన సంగతి ఎవరూ గమనించరు.

అందుకని తొట్టి చుట్టూ తడక కట్టి, దానికి గొళ్లెం పెట్టండి. లేదా చెక్క చట్రానికి ఇనుప వల బిగించి మూతగా వాడండి. బాతులు స్నానం చేశాక తొట్టి ఖాళీ చేసి పెట్టడం అన్నిటికంటే క్షేమం. ఇంట్లో ఎవరికైనా బాగాలేని రోజులలో "ఈ గంట బిడ్డ బాధ్యత నీది" అని ఒకరి పేరు పెట్టి చెప్పండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు.

బిడ్డ నీళ్లలో పడితే వెంటనే పైకి తీయండి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పకండి, పొట్ట నొక్కకండి. ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కొద్దిగా పైకెత్తి, నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ మధ్యలో నొక్కుతూ ఉండండి. మరొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది రావచ్చు.

బాతులు ఉన్నట్టుండి చనిపోతే

2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అదే సంవత్సరం మార్చిలో మన రాష్ట్రంలోనే ఒక పసిబిడ్డ ఆ వైరస్ సోకి మరణించింది. మనుషులకు ఇది అరుదుగా సోకుతుంది, కానీ సోకితే ప్రాణాపాయం. బాతుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. కోళ్లు వెంటనే చనిపోతాయి గానీ, కొన్ని బాతులు పైకి బాగానే ఉంటూ వైరస్‌ను రెట్టలో విసర్జిస్తాయి. చలికాలంలో కొల్లేరు, పులికాట్ సరస్సులకు వలస పక్షులు వస్తాయి. ఆ నెలల్లో మీ తొట్టిలో బయటి పక్షులు వాలకుండా పైన వల కట్టండి. కోళ్లను, బాతులను వేరువేరుగా ఉంచండి.

రెండు మూడు రోజుల్లో ఎక్కువ బాతులు లేదా కోళ్లు చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకండి. కోయవద్దు, తినవద్దు, అమ్మవద్దు, కాలువలో వేయవద్దు. పశువుల ఆసుపత్రికి గానీ, 1962 నంబరుకు గానీ తెలియజేయండి. ఆ తర్వాత పది రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుగారికి "మా ఇంట్లో పక్షులు చనిపోయాయి" అని మొదటే చెప్పండి.

విరేచనాలు మొదలైతే

ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం కలపండి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుండి అర గ్లాసు, అంతకంటే పెద్దవారికి అర నుండి ఒక గ్లాసు కొద్దికొద్దిగా ఇవ్వండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు, అన్నం మాన్పించవద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింకు మాత్ర (20 మిల్లీగ్రాములు) రోజుకొకటి 14 రోజులు ఇవ్వాలి. రెండు నుండి ఆరు నెలల బిడ్డకు సగం మాత్ర చాలు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎన్ని నీళ్లు ఇవ్వాలో డాక్టరుగారిని అడగండి. విరేచనాలు ఆగే మాత్రలు దుకాణంలో అడిగి కొనకండి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా తీసుకురండి:

- విరేచనంలో రక్తం
- తగ్గని జ్వరం, చలి
- ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్లు లోతుకు పోవడం
- ఏమీ తాగలేకపోవడం, ఆగని వాంతులు
- మత్తుగా ఉండటం, పిలిస్తే పలకకపోవడం
- కళ్లు పచ్చబడటం, పిక్కల నొప్పులతో జ్వరం
- మూడు నెలల లోపు బిడ్డ, లేదా పైన చెప్పిన బలహీన రోగులకు కొద్దిపాటి విరేచనాలైనా సరే

వచ్చినప్పుడు "పెరట్లో బాతులు ఉన్నాయి" అని చెప్పడానికి సిగ్గుపడకండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో డాక్టరుగారికి త్వరగా తెలుస్తుంది.

గుర్తుంచుకోండి

తొట్టి చిన్నదిగా ఉండాలి. రోజు విడిచి రోజు ఖాళీ కావాలి. మూత గానీ తడక గానీ ఉండాలి. రోగి పని ముందు, బాతుల పని తర్వాత. గుడ్డు గట్టిగా ఉడకాలి. చేతులు సబ్బుతో కడగాలి.

రోగి ఇంటికి వచ్చిన మొదటి నెల మీకు నిద్ర తక్కువ, పని ఎక్కువ అని మాకు తెలుసు. ఆ నెలలో ఇవన్నీ చేయలేమనిపిస్తే తొట్టిని బోర్లించి పెట్టండి. బాతులకు తల మునిగేంత పాత్రలో నీళ్లు పెట్టండి, చాలు. బాతులకు ఏమీ కాదు. మనిషి కోలుకున్న తర్వాత తొట్టి మళ్లీ నింపుకోవచ్చు.